పంచిన పత్రములు – పొందిన సమాధానము

 

కేంద్ర ప్రభుత్వోద్యోగికి బదిలీ అను మాట కొత్తది కాదు. స్వస్థలమునకు వేయి మైళ్ల దూరమున పనిచేయు తెలుగువాడు, ఉద్యోగములో చేరిన మరునాటినుండియే, తన స్థానమునకు రాగోరువాడు ఎక్కడనైన దొరకునా అని విచారించుచుండును. పరస్పర బదిలీ యనగా అదియే. ఢిల్లీలోనున్న గుమాస్తా హైదరాబాదు కోరును. హైదరాబాదులోనున్న గుమాస్తా ఢిల్లీ కోరును. ఇరువురి అర్జీలును ఒక అధికారి బల్లమీద పక్కపక్కన పడి, మిగిలిన షరతులు కూడ సరిపోయినచో, ఉత్తరువు వెలువడుటకు ఆటంకముండదు.

ఈ ప్రసంగవిషయము బదిలీలు కావు. అనేక సర్వర్లలో పంచియుంచిన సమాచారమును ఒకేమారు ప్రశ్నించి సమాధానము రాబట్టునప్పుడు, ఆ సమాధానము సరియైనదని ఎట్లు తెలియును అనునది విషయము. కాని ఆ రెండు అర్జీలను విడువకుండ పట్టుకొన్నచో విషయము సులభముగా బోధపడును. అందుచేత ప్రసంగము ముగియువరకు ఆ గుమాస్తాలిద్దరును సభలోనే యుందురు.

దేశము నలుమూలలనుండి అట్టి అర్జీలు ఒక లక్ష వచ్చినవని ఊహింపవచ్చును. (నిజమునకు లక్ష అర్జీలు నేటి ఒక్క సర్వరునకైనను లెక్కలోనివి కావు, చెప్పుకొనుటకు అనువైన సంఖ్య యని మాత్రమే దీనిని తీసికొనవలెను.) వానిని భద్రపరచుటకు పది సర్వర్లు ఏర్పాటు చేసిరి. ఏ అర్జీ ఏ సర్వరునకు పోవలెనో నిర్ణయించు నియమము ఒకటి కావలెను. అందరికిని మొదట తోచు నియమము, అర్జీదారు ప్రస్తుతము పనిచేయుచున్న స్టేషనునుబట్టి పంచుట. ఢిల్లీనుండి వచ్చిన అర్జీలన్నియు మొదటి సర్వరునకు, హైదరాబాదునుండి వచ్చినవన్నియు నాలుగవ సర్వరునకు, ఈ రీతిగా. రికార్డుగదిలో బీరువాలు సర్దు పద్ధతియే ఇది. పైకి ఇందులో తప్పు పట్టవలసినది ఏమియు కానరాదు.

తరువాత ప్రశ్న బయలుదేరినది: ఎవరికి ఎవరితో పరస్పర బదిలీ పొసగును? ప్రశ్న ఒకేసారి పది సర్వర్లకును పోయినది. ప్రతి సర్వరును తనవద్దనున్న అర్జీలను మాత్రమే వెదకి జవాబు చెప్పును. పది జవాబులను ఒకచోట చేర్చి జాబితా తయారుచేయుదురు. మొదటి సర్వరు ఢిల్లీ గుమాస్తా అర్జీని చూచినది. హైదరాబాదునుండి ఢిల్లీ కోరినవాడు తనవద్ద ఎవడైన కలడా యని వెదకినది. లేడు, ఉండుటకు వీలును లేదు, హైదరాబాదు అర్జీలన్నియు నాలుగవ సర్వరులో నున్నవి కదా! నాలుగవ సర్వరును అట్లే వెదకి, అట్లే లేదనినది. రెండును నిజమే పలికినవి. జాబితాలో ఆ ఇరువురి పేర్లును లేవు.

జాబితా పూర్తిగా ఖాళీగా వచ్చియుండినచో ఎవరికైనను అనుమానము కలిగియుండును. ఖాళీగా రాలేదు. ఆగ్రా అర్జీలు కూడ యాదృచ్ఛికముగా మొదటి సర్వరునకే పోయినవి. అందుచేత ఢిల్లీకిని ఆగ్రాకును మధ్య బదిలీ కోరిన జంటలు కొన్ని చక్కగా బయటపడినవి. జాబితా నిండుగా నున్నది, వేగముగా వచ్చినది, అందులో వ్రాసిన ప్రతి జంటయు నిజమైన జంటయే. అధికారి సంతకము చేసెను. గంట మ్రోగలేదు, యంత్రము ఏ దోషమును తెలుపలేదు. ఢిల్లీలో ఒకడు, హైదరాబాదులో ఒకడు, మరి మూడేండ్లు వేచియుండుటకు సిద్ధపడిరి.

సర్వరు చెడిపోయినచో తెలియును, తీగ తెగినచో తెలియును. ఇక్కడ చెడిపోయినది ఏదియు లేదు. దోషము ప్రశ్న అడుగుటకు ముందే, పంపకములోనే, ప్రవేశించినది. ఈ విషయమును గణితశాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా ఎత్తి పరిశీలించుటకు కారణమిదియే.

సమాచారమును పట్టికలరూపమున నుంచి, తర్కభాషలో ప్రశ్నించు విధానమును 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. అందులోని గొప్పతనమేమనగా, ప్రశ్నించువాడు తనకు ఏమి కావలెనో చెప్పినచో చాలును. అది ఎచ్చట నున్నదో, ఏ త్రోవను వెదకవలెనో చెప్పనక్కరలేదు. ఆ భారము యంత్రముది. తరువాత సమాచారము ఒక యంత్రమునకు మించినది. 1979లో స్థాపింపబడిన టెరాడేటా సంస్థయు, 1980 దశకములో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో డేవిడ్ డివిట్ బృందము నిర్మించిన గామా యంత్రమును పట్టికలను అనేక యంత్రములకు పంచి ఏకకాలమున శోధించు మార్గమును వేసినవి. 2004లో గూగుల్ ఉద్యోగులైన జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ అనువారు మ్యాప్‌రెడ్యూస్ పద్ధతిని ప్రకటించినపిమ్మట, వేలకొలది సాధారణ యంత్రములపై ఈ పని జరుగుట మామూలైపోయినది. కాని కాడ్ ఇచ్చిన మాట అట్లే నిలిచియున్నది. సమాచారము ఎచ్చటెచ్చట నున్నదో ప్రశ్నించువాడు ఎరుగనక్కరలేదు. అట్లయినచో, సమాచారమంతయు ఒకేచోట నున్నప్పుడు రాదగిన సమాధానమే, పంచిన తరువాతను రావలెను. ఒక్కటి తగ్గరాదు, ఒక్కటి పెరుగరాదు.

ఈ కోరికను నిర్దుష్టమైన నిర్వచనముగా మార్చి శోధించినవారు బెల్జియములోని హాసెల్ట్, జర్మనీలోని డార్ట్‌మండ్ విశ్వవిద్యాలయములకు చెందిన అయిదుగురు – టామ్ అమెలూట్, గేటానో గెక్, బాస్ కెట్స్‌మన్, ఫ్రాంక్ నేవెన్, థామస్ ష్వెంటిక్. వారి పరిశోధన 2015లో వెలువడినది. వారి నిర్వచనములో ముఖ్యమైన మాట ‘ఎట్టి సమాచారమునకైనను’ అనునది. నేటి అర్జీలకు సరియైన జవాబు వచ్చినంతమాత్రమున నియమము మంచిది కాదు. రేపు ఎట్టి అర్జీలు వచ్చినను సరియైన జవాబు రావలెను. ఢిల్లీ–ఆగ్రా జంటలతో పరీక్షించి ‘పనిచేయుచున్నది’ అని వ్రాసినవాడు పరీక్షించినది నియమమును కాదు, అదృష్టమును.

మరి సరియైన నియమమునకు లక్షణమేమి? చెప్పుటకు సులభమే. ఒక సమాధానము పుట్టుటకు ఏయే పత్రములు కలిసి సాక్ష్యమీయవలెనో, అవి యన్నియు కనీసము ఒక సర్వరులోనైన ఒకచోట కలిసికొనవలెను. పరస్పర బదిలీకి రెండు అర్జీలు సాక్ష్యము. ప్రస్తుత స్టేషనునుబట్టి పంచినచో అవి కలిసికొనవు. దానికి బదులు, ఉన్న స్టేషను పేరును, కోరిన స్టేషను పేరును అక్షరక్రమమున పక్కపక్కన వ్రాసి, ఆ జంటపేరునుబట్టి పంచినచో? ఢిల్లీనుండి హైదరాబాదు కోరినవాని అర్జీపైనను, హైదరాబాదునుండి ఢిల్లీ కోరినవాని అర్జీపైనను ‘ఢిల్లీ–హైదరాబాదు’ అను ఒకే పేరు పడును. రెండును ఒకే సర్వరునకు పోవును. ఒక్క ప్రతియైన అదనముగా తీయనక్కరలేదు. అవే సర్వర్లు, అదే ప్రశ్న. మారినది తపాలా గుమాస్తాకు ఇచ్చిన సూచన మాత్రమే.

ఇంతవరకు తేలికయే. ముగ్గురి గొలుసు వచ్చినప్పుడు విషయము చిక్కుపడును. ఢిల్లీవాడు హైదరాబాదు కోరును, హైదరాబాదువాడు కోల్‌కతా కోరును, కోల్‌కతావాడు ఢిల్లీ కోరును. ఏ ఇద్దరికిని పొసగదు గాని ముగ్గురికిని కలిపి పొసగును. మూడు అర్జీలపైనను మూడు వేరువేరు జంటపేర్లు. అవి మూడు వేరువేరు సర్వర్లకు పోవచ్చును. జంటపేరు నియమము ఇక్కడ చెల్లదు. ప్రతి అర్జీకిని అన్ని సర్వర్లకు సరిపడు ప్రతులు తీసి సర్క్యులరువలె పంపినచో తప్పు జరుగదు. కాని అప్పుడు ప్రతి సర్వరును మొత్తము పనిని చేయవలసివచ్చును, అనేక సర్వర్లను ఏర్పాటుచేసిన ప్రయోజనమే పోవును.

దీనికి 2010లో గ్రీసు దేశపు ఫోటో అఫ్రాటి, అమెరికాకు చెందిన జెఫ్రీ ఉల్మన్ చూపిన ఉపాయము మిక్కిలి అందమైనది. దానిని ఈ అర్జీలకు అన్వయించి చెప్పవచ్చును. సర్వర్లు 64 కలవనియు, అవి నాలుగు అంతస్తుల భవనములోని గదులనియు అనుకొనవలెను. అంతస్తునకు నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గదులు. దేశములోని స్టేషన్లన్నింటిని నాలుగు వర్గములుగా విభజింతురు. ఢిల్లీ రెండవ వర్గము, హైదరాబాదు మొదటి వర్గము, కోల్‌కతా నాలుగవ వర్గము అనుకొనవచ్చును. గొలుసులో మొదటి స్టేషను వర్గము అంతస్తును తెలుపును, రెండవ స్టేషను వర్గము వరుసను తెలుపును, మూడవ స్టేషను వర్గము గదిని తెలుపును. కనుక ఢిల్లీ–హైదరాబాదు–కోల్‌కతా గొలుసు తేలవలసిన చోటు ఒక్కటే: రెండవ అంతస్తు, మొదటి వరుస, నాలుగవ గది.

ఢిల్లీనుండి హైదరాబాదు కోరిన అర్జీ గొలుసులో మొదటి లంకె అనుకొన్నచో, దానికి అంతస్తు తెలియును, వరుస తెలియును, గది తెలియదు. అందుచేత ఆ వరుసలోని నాలుగు గదులకును ఒక్కొక్క ప్రతి పోవును. హైదరాబాదునుండి కోల్‌కతా కోరిన అర్జీ రెండవ లంకెగా వరుసను, గదిని ఎరుగును, అంతస్తును ఎరుగదు. నాలుగు అంతస్తులలోను మొదటి వరుస, నాలుగవ గదికి పోవును. కోల్‌కతానుండి ఢిల్లీ కోరినది మూడవ లంకెగా గదిని, అంతస్తును ఎరుగును, వరుసను ఎరుగదు. రెండవ అంతస్తులో నాలుగు వరుసల నాలుగవ గదులకును పోవును. ఈ మూడు దారులును రెండవ అంతస్తు, మొదటి వరుస, నాలుగవ గదిలో తప్పక కలిసికొనును. అర్జీలు ఒండొంటిని ఎరుగవు, తమకు తోడు ఎవరో వానికి తెలియదు, ఐనను కలియును.

ఏ అర్జీ గొలుసులో ఎన్నవ లంకె యగునో ముందుగా తెలియదు గనుక మూడు పాత్రలలోను పంపవలెను. కాబట్టి అర్జీకి ఎక్కువలో ఎక్కువ 12 ప్రతులు, 64 కాదు. స్టేషన్లు నాలుగు వర్గములలోను సమముగా పడినచో, లక్ష అర్జీలకు ఒక్కొక్క సర్వరునకు చేరునవి సుమారు 18,750కి మించవు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయములోని పాల్ బీమ్, పరాస్కోస్ కౌట్రిస్, డాన్ సుచు అనువారు 2013లో ఈ పద్ధతికి లోతైన లెక్కలు కట్టి, పంపిణీ ఒకే విడతలో ముగియవలెనన్నచో, సమముగా పరచుకొన్న సమాచారముపై ఈ త్రికోణపు ప్రశ్నకు ఇంతకన్న చెప్పుకోదగినంతగా భారము తగ్గింప వీలులేదని నిరూపించిరి. ఢిల్లీ అర్జీలే సగముండినచో రెండవ అంతస్తు క్రుంగిపోవుట నిజమే. కాని అది ఆలస్యమునకు సంబంధించిన చిక్కు, సత్యమునకు సంబంధించినది కాదు. ఈ రెండింటిని వేరుచేసి చూచుట అలవరచుకొనని కార్యాలయములో వేగమును చూచి సత్యమని భ్రమించుట తరచుగా జరుగును.

ఇందులో మరియొక లాభము కలదు. ముగ్గురి గొలుసునకై చేసిన ఈ పంపిణీ, ఇద్దరి పరస్పర బదిలీ ప్రశ్నకు కూడ చాలును. ఢిల్లీ అర్జీ మొదటి లంకెగాను, హైదరాబాదు అర్జీ రెండవ లంకెగాను ఒక గదిలో కలియనే కలియును; కనుక అర్జీలను మరల పంచనక్కరలేదు. దీనికి విపర్యయము మాత్రము చెల్లదు. ఇద్దరికై చేసిన జంటపేరు పంపకముపై ముగ్గురి ప్రశ్న అడుగరాదు. ఒక ప్రశ్నకై పంచిన సమాచారముపై మరియొక ప్రశ్నను ఎప్పుడు అడుగవచ్చును అను విచారము 2015నాటి ఆ పరిశోధనలో రెండవ భాగము. వ్యవహారములో దీని విలువ ఎక్కువ. ఏలయన, సమాచారమును మరల మరల పంచుటయే ఈ యంత్రాంగములో మిక్కిలి ఖర్చుతో కూడిన పని.

పత్రములన్నియు ఒకచోట కలిసికొనవలెనని పైన చెప్పిన లక్షణము చాలినంతది. కాని ప్రతిసారియు అవసరమైనది కాదు. సచివాలయములో పనిచేసినవారికి దీనిని ఫైలుతో చెప్పినచో వెంటనే తెలియును. ఎవరి బల్లనుండి ఎవరి బల్లకు ఫైలు పోవచ్చునో తెలుపు పట్టిక ఒకటి కలదనుకొనవలెను. తన బల్లమీదనే ఫైలును పరిష్కరించు అధికారము గలవానికి, తననుండి తనకే ఫైలు పోవునట్లు ఒక పంక్తి యుండును. ప్రశ్న యేమనగా: స్వయముగా పరిష్కరించు అధికారము గలవాడై, నడుమ ఒక బల్లమీదుగా ఎవరెవరికి ఫైలు చేర్పగలడు? ఒక అండర్ సెక్రటరీనుండి సెక్షన్ ఆఫీసరునకు పోయి, మరల అండర్ సెక్రటరీకే తిరిగివచ్చిన ఫైలు ఉన్నది. ‘తననుండి తనకు’ అను ఈ సమాధానమునకు మూడు పంక్తులు సాక్ష్యమని పైకి తోచును: పోవుట, వచ్చుట, స్వాధికారము. కాని స్వాధికారపు పంక్తి ఒక్కటి యున్నచో చాలదా? నడుమబల్ల కూడ తనదే యనుకొన్నచో అదే సమాధానము వచ్చును. ఫైలు తిరిగివచ్చినందున కొత్తగా తేలినది ఏమియు లేదు. (కొన్ని ఫైళ్ల విషయములో ఈ సంగతి గణితశాస్త్రము చెప్పకముందే తెలియును.) కాబట్టి పోవుట, వచ్చుట అను పంక్తులు రెండును వేరువేరు సర్వర్లలో నున్నను నష్టములేదు.

ఇట్లు, తనకన్న చిన్న సాక్ష్యముతో అదే సమాధానమును రాబట్టుటకు వీలులేని కూర్పులు మాత్రమే కలిసికొనవలెను. ఇదియే కచ్చితమైన లక్షణము. ప్రశ్నలోని అనవసర భాగములను తొలగించి కనిష్ఠరూపమునకు తెచ్చు విద్యను కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అశోక్ చంద్ర, ఫిలిప్ మెర్లిన్ అనువారు 1977లోనే స్థాపించిరి. కాని పైన చెప్పిన ఫైలు ప్రశ్నలో తొలగింపదగిన భాగమే లేదు. అనవసరత ప్రశ్నలో గాక ప్రత్యేకమైన కూర్పులో నున్నది. అందువలన ఒక నియమము ఒక ప్రశ్నకు సరిపోవునా అని తేల్చుట శ్రమతో కూడిన పని. ప్రతి కూర్పునకును, దానిని వ్యర్థము చేయు చిన్న కూర్పైనను ఉండవలెను, లేదా దాని పత్రములన్నియు కలిసికొను సర్వరైనను ఉండవలెను. ‘ప్రతి’ అనుమాటవెంట ‘ఏదైన ఒకటి’ అనుమాట వచ్చిన ఇట్టి పరీక్షలు, కఠినములని పేరుపడిన సాధారణ సమస్యలకన్న ఒక మెట్టు పైన నుండునని గణనశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఇంతవరకు అడిగిన ప్రశ్నలన్నియు ‘కలదా’ అనునవి. ‘లేదా’ అను ప్రశ్నకు స్వభావమే వేరు. అక్కడ పొరబాటు జరిగినచో బదిలీ ఆగుటతో పోదు.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ప్రతి సంవత్సరము నవంబరు నెలలో తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము దాఖలు చేయవలెను. 2014లో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతివలన, పింఛను పుచ్చుకొను ఊరికి పోకుండ, ఉన్న చోటనుండియే దానిని దాఖలు చేయు వీలు కలిగినది. గుంటూరు జిల్లాలో కుటుంబపింఛను పొందు ఒక వృద్ధురాలు, కుమారునితో ఢిల్లీలో నున్నదనుకొనవచ్చును. ఆమె ధ్రువపత్రము ఢిల్లీనుండి దాఖలైనది. ఇక నొక కార్యాలయములో పింఛను ఖాతాలను ఖాతా యున్న జిల్లానుబట్టియు, ధ్రువపత్రములను దాఖలైన ఊరినిబట్టియు పంచిరనుకొన్నచో – ఇది ఎచ్చటను జరిగిన కథ కాదు, ఊహ మాత్రమే – ‘ధ్రువపత్రము లేని పింఛనుదారులెవరు?’ అను ప్రశ్నకు గుంటూరు ఖాతాలున్న సర్వరు ఆమె పేరును చెప్పును. ఆమె ఖాతా తనవద్ద నున్నది, పత్రము తనవద్ద లేదు. పింఛను ఆగును. ఆమె జీవించియున్నదనుటకు సాక్ష్యము ఢిల్లీ సర్వరులో నిశ్చింతగా కూర్చుండియుండును.

‘కలదా’ అను ప్రశ్నలో పంపకము చెడినచో కొన్ని సత్యములు జారిపోవును, కాని జాబితాలోనికి ఎక్కిన ప్రతిదియు సత్యమే. ‘లేదా’ అను ప్రశ్నలో అసత్యము జాబితాలోనికి ఎక్కును. మొదటి రకపు ప్రశ్నకు, కొత్త పత్రము వచ్చినకొలది జవాబు పెరుగునే గాని చెప్పినమాట వెనుకకు తీసికొనవలసిన పని యుండదు. రెండవ రకములో ఒక్క పత్రము ఆలస్యముగా వచ్చినను చెప్పినమాట తప్పగును. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆచార్యుడైన జోసెఫ్ హెలర్‌స్టైన్ 2010లో ఈ భేదమును ఆధారముచేసికొని, సర్వర్లు ఒండొంటికొరకు వేచియుండకుండ, నలుగురును కూడి ‘అందరిపని ముగిసినదా’ అని విచారించుకొనకుండ, సరిగా జవాబు చెప్పగల ప్రశ్నలు మొదటి రకమువి మాత్రమే యని ఊహించెను. మరుసటి సంవత్సరమే అమెలూట్, నేవెన్, యాన్ వాన్ డెన్ బుషె ఆ ఊహకు నిర్దుష్టమైన రూపమిచ్చి నిరూపణ చూపిరి.

భారతీయ శాస్త్రములతో పరిచయము గలవారికి ఇక్కడ ఒక పాత చర్చ జ్ఞప్తికి రాక మానదు. నేలపై కుండ లేదను జ్ఞానము ఎట్లు కలుగును? కుమారిలభట్టును అనుసరించు మీమాంసకులును, అద్వైతులును, అనుపలబ్ధి, అనగా కానరాకపోవుటయే, అందుకు ప్రత్యేకమైన ప్రమాణమనిరి. నైయాయికులు దానిని ప్రత్యేక ప్రమాణముగా అంగీకరింపక, ప్రత్యక్షముతోనే సరిపెట్టిరి. ఐనను అభావమును పదార్థములలో ఒకటిగా లెక్కించిరి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహములో అది ఏడవ పదార్థము. వారి వాదముల మాట ఎట్లున్నను, ఉభయులును విడువని జాగ్రత్త యొకటి కలదు. ఉన్నచో తప్పక కనబడదగిన వస్తువు, కనబడదగిన చోట, కనబడకపోయినప్పుడే లేదనవలెను. చీకటిగదిలో కుండ కానరానంతమాత్రమున లేదనరాదు. ఈ తగుదలకు వారు పెట్టిన పేరు యోగ్యత.

గుంటూరు సర్వరునకు లోపించినది ఆ యోగ్యతయే. పత్రము ఉండియుండినచో తనవద్దకే వచ్చియుండును అని చెప్పు అర్హత దానికి లేదు. పింఛను ఖాతాలను, ధ్రువపత్రములను, రెండింటిని, ఊరినిబట్టి గాక పింఛను మంజూరు సంఖ్యనుబట్టి పంచినచో ఆ అర్హత వచ్చును. ఒక సంఖ్యకు సంబంధించిన సమస్తమును ఒకే సర్వరునకు చేరవలెనని నియమమున్నప్పుడు, ఆ నియమమును సర్వరు ఎరిగియున్నప్పుడు, చేరవలసినదంతయు చేరినప్పుడు, తనవద్ద లేనిది లోకములోనే లేదని అది ధైర్యముగా చెప్పవచ్చును; తక్కిన సర్వర్లను అడుగనక్కరలేదు. ఆశ్చర్యమేమనగా, 2012లో డేనియల్ జిన్, టాడ్ గ్రీన్, బెర్ట్రమ్ లుడెషర్ చేసిన పరిశోధన సరిగా ఈ దారినే పోయినది. పంపిణీ నియమమును సర్వర్లు ఎరిగియున్నచో, ‘లేదు’ అను మాటతో కూడిన ప్రశ్నలలో కూడ కొన్నింటికి కూడబలుకుకొను పనిలేకుండ జవాబు చెప్పవచ్చునని వారు చూపిరి. వారు మీమాంస చదివియుండిరనుటకు ఆధారములేదు. అవసరము ఒకటైనప్పుడు ఆలోచన కూడ ఆ త్రోవనే పోవును కాబోలు.

అట్లని ‘లేదు’ అనుమాట చేరిన ప్రశ్నలన్నింటికిని ఈ తీరుగా సులభముగా విడుదల దొరకదు. అట్టి ప్రశ్నకు ఒక పంపిణీ నియమము సరిపోవునా అని తేల్చు పరీక్ష, ‘కలదా’ ప్రశ్నలకన్న ఎన్నో రెట్లు దుష్కరమని గెక్, కెట్స్‌మన్, నేవెన్, ష్వెంటిక్ 2016లో నిరూపించిరి; ప్రశ్న నిడివి పెరిగినకొలది శ్రమ ఊహకు అందని వేగముతో పెరుగును.

లెక్కించు ప్రశ్నలను గూర్చి రెండు మాటలు మిగిలినవి. 1961 జనాభా లెక్కలలో భారతదేశమున 1,652 మాతృభాషల పేర్లు నమోదైనవి. తెలుగు మాట్లాడువారి సంఖ్యను ప్రతి రాష్ట్రమును వేరుగా లెక్కించి, ఆ సంఖ్యలను కూడినచో దేశపు సంఖ్య వచ్చును. ఒక మనిషిని ఒకచోటనే లెక్కింతురు గదా. కాని ప్రతి రాష్ట్రమును తనయందు ఎన్ని మాతృభాషలు కలవో లెక్కించి పంపి, ఆ సంఖ్యలను కూడినచో, తెలుగు ఆంధ్రలో ఒకటి, తమిళనాడులో ఒకటి, కర్ణాటకలో ఒకటి, మహారాష్ట్రలో ఒకటి, ఒడిశాలో ఒకటి! భాషల పేర్ల జాబితాలను తెప్పించి, కలిపి, ఆ తరువాత లెక్కింపవలెను. లెక్కించిన తరువాత కలుపరాదు. సగటుల విషయమును ఇట్టిదే: సగటుల సగటు సగటు కాదు, మొత్తమును, మందిసంఖ్యను వేరుగా తెప్పించుకొనవలెను.

64 గదుల భవనములోని గొలుసులకు కూడ ఈ జాగ్రత్త కావలెను. జాబితా మాత్రమే అడిగినప్పుడు ఒకే గొలుసు రెండు గదులలో తేలినను నష్టములేదు. రెండుమార్లు వ్రాసిన పేరును ఒకమారు కొట్టివేసినచో సరి. ఎన్ని గొలుసులు కలవని అడిగినప్పుడు మాత్రము ప్రతి గొలుసును ఒకే ఒక గదిలో తేలవలెను. అఫ్రాటి–ఉల్మన్ భవనములో వరుసక్రమము గల ప్రతి గొలుసునకును గది ఒక్కటే, అంతవరకు క్షేమము. కాని ఢిల్లీ–హైదరాబాదు–కోల్‌కతా అని వ్రాసినను, హైదరాబాదు–కోల్‌కతా–ఢిల్లీ అని వ్రాసినను, కోల్‌కతా–ఢిల్లీ–హైదరాబాదు అని వ్రాసినను మనుష్యులు ఆ ముగ్గురే. యంత్రము మొదటిదానిని రెండవ అంతస్తులోను, రెండవదానిని మొదటి అంతస్తులోను, మూడవదానిని నాలుగవ అంతస్తులోను కనుగొని, మూడు గొలుసులని లెక్కించును. ప్రశ్న వ్రాసినవాడు, అక్షరక్రమమున ముందు వచ్చు స్టేషనుతో మొదలగు గొలుసును మాత్రమే తీసికొనవలెనని ఒక షరతు చేర్చినచో ఆ లెక్క సరిపడును. చేర్చుట మరచినచో ఆ ముగ్గురు గుమాస్తాలకు మూడు బదిలీ ఉత్తరువులు తయారగును. ఏ ఉత్తరువు చేతపట్టుకొని ఏ రైలు ఎక్కవలెనో తెలియక వారు మరల అర్జీ పెట్టుకొనవలసివచ్చును.